ఎర్రగోళ్ళ వార్తాహరుడు

"పోయింది! నీలిగోటి జ్వరం పోయింది! మణిమంత రాజ్యమంతా చల్లగా ఉంది!"

లోయలోంచి ఆ కేక పైకి వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం. చెంగల్వ పొగగుంట ముందు గొంతుక్కూర్చుని, కిందినుంచి వచ్చిన జొన్నల బుట్టకు వేపాకు పొగ పెడుతోంది. కేక వెనకాలే కొమ్ముబూర మోగింది. బూర ఆగీ ఆగకముందే ఎవరింట్లోనో ఇత్తడి గిన్నె నేల మీద పడి గిరగిరా దొర్లింది. ఆ వెంటనే తేనెగట్టు మీది ముప్ఫై రెండు గడపల్లోంచీ మనుషులు ఒక్కసారిగా బయటపడ్డారు.

చెంగల్వ లేవలేదు. పొగ కళ్ళలోకి పోయి నీళ్ళు కారుతుంటే, ఆ నీళ్ళలోంచే తన గోళ్ళు చూసుకుంది. పెళ్ళినాటి గోరింటాకు పెరిగి పెరిగి గోటి కొసలకు చేరింది. ఒక్కో వేలికి ఒక్కో ఎర్రటి నెలవంక మిగిలింది. ఆ పది నెలవంకలే ఆమెకు పంచాంగం.

"గోరింటాకు పోయేలోగా వచ్చేస్తా పిల్లా" అని చెప్పి, పెళ్ళయిన పదహారో రోజున ఆమె మొగుడు కొమరన రాజనగరుకు తేనెకుండలు మోసుకుని కొండ దిగాడు. అతను దిగిన మూడో రోజున జ్వరం కబురు వచ్చింది. ఆ సాయంత్రమే ఊరంతా కలిసి తాళ్ళనిచ్చెన పైకి లాగేసింది. లాగిన చేతుల్లో చెంగల్వ చేతులు కూడా ఉన్నాయి. ఆనాటికీ ఈనాటికీ నలభై ఒక్క రోజులు.

"చెల్లే! విన్నావా?" అంటూ వచ్చాడు ఆమె అన్న బొల్లన. అతను తాటిచెట్టంత మనిషి. ఊళ్ళో తాడు పట్టడంలో అతన్ని మించినవాడు లేడు. "ఇంకా చెప్పనా? వార్త తెచ్చినవాళ్ళ వెంట బావ కూడా ఉన్నాడట. గుర్రం మీద!"

చెంగల్వ లేచిన ఊపుకు జొన్నల బుట్ట బోర్లాపడింది.

తేనెగట్టంటే ఊరు కాదు, ఆకాశానికి తగిలించిన ఉట్టి. ఏనుగుమోము కొండకు నడినెత్తిన చాపంత చదును. ఆ చదును మీద ముప్ఫై రెండు ఇళ్ళు, నూట నలభై మంది మనుషులు, రెండు వందల మేకలు. మూడు వైపులా గద్దలకు కూడా కళ్ళు తిరిగే చరియలు. నాలుగో వైపు ఏనుగు తొండంలా ముందుకు పొడుచుకొచ్చిన బండ. ఆ బండ కడుపున బంగారు పళ్ళేలు తలకిందులుగా అతికించినట్టు తేనెపట్లు. అడుగున శంఖిని నది నురగలు కక్కుతూ రాళ్ళను కోస్తూ పారుతుంటుంది. దిగాలంటే ఒకటే దారి, నిచ్చెన. సరుకు దించడానికో, తేనె కోసే మనిషిని దించడానికో ఒకటే బుట్ట, దానికొక తాడు.

నిచ్చెన పైకి లాగిన రోజున తలారి సూరవ్వ ఊరికి కొత్త కట్టుబాట్లు పెట్టింది. తలారి అంటే తాళ్ళకు పెద్ద. ఆమె ఏడేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు ఇదే జ్వరం ఒకసారి వచ్చి, వాళ్ళింట్లో తొమ్మిది మందిలో ఆమె ఒక్కత్తినే మిగిల్చింది. అందుకే ఆమె మాటకు ఎవరూ ఎదురు చెప్పలేదు. కిందినుంచి ఏది వచ్చినా మూడు రోజులు ఎండలో పెట్టి, పొగ పట్టాకే ముట్టుకోవాలి. ఒంట్లో నలతగా ఉన్నవాళ్ళు తేనెగుహలో ఒంటరిగా ఉండాలి, గంజి గుహ ముందు రాతి మీద పెట్టి వచ్చెయ్యాలి. రోజూ పొద్దున, సాయంత్రం గడప పిలుపు. అంటే తూర్పు కొసనున్న ఇంటినుంచి మొదలుపెట్టి, ఒక్కో ఇల్లూ తన గడపలోనే నిలబడి చేతులు పైకెత్తి, "మేం అయిదుగురం, అయిదుగురికీ ఎర్రగోళ్ళే!" అని కేకెయ్యాలి. ఈ జ్వరం సోకితే మిగతా బాధలకంటే రెండు రోజుల ముందే గోళ్ళు నేరేడుపండు రంగుకు తిరుగుతాయి. ఆ కేకలన్నీ విన్నాకే సూరవ్వ గంజి తాగుతుంది. చెంగల్వ మాత్రం రోజూ "నేనొకత్తిని" అని కేకేసి, ఆ మాట నోట్లోంచి బయటికి వచ్చేటప్పుడు తడబడేది.

ఇప్పుడు తాడు గుంజ దగ్గర ఊరంతా గుమిగూడింది. నలభై ఒక్క రోజులుగా ఒకరికొకరు దూరంగా నిలబడ్డ మనుషులు భుజాలు రాసుకుంటున్నారు. ఎవరో నవ్వారు. అంత గట్టి నవ్వు విని చాలాకాలమైంది కాబోలు, చంకలో పిల్ల బెదిరి ఏడ్చింది.

"అవ్వా, నిచ్చెన దించు!" అన్నాడు మల్లుడు. పాపం, తమలపాకు లేక నలభై ఒక్క రోజులుగా చింతాకు నములుతున్నాడు. "నాలిక మొద్దుబారిపోయింది. కిందికెళ్ళి ఒక్క విడెం వేసుకుని వస్తా."

"నీ విడేనికి ఊరి నిచ్చెన దించాలేం?" అంది సూరవ్వ. "కబురు మంచిదే. నాకూ సంతోషమే. ఇంకో మూడు వారాలు చూసి అప్పుడు దించుకుందాం."

కింద నది ఒడ్డున మాటరాయి అని ఒక బండ ఉంది. దాని మీద నిలబడి మాట్లాడితే ఆ మాట చరియ వెంట పాకి పైకి వస్తుంది. అక్కడినుంచి వార్తాహరుడు మళ్ళీ కేకేశాడు. "తేనెగట్టు పెద్దలకు రాజుగారి దీవెన! శుభవార్త తెచ్చాం. మీ ఊరి ఆచారం మాకు తెలుసు. పొద్దు వాలేలోగా మా నోరు తీపి చెయ్యండి!"

గుంజ దగ్గర సందడి ఠక్కున ఆగిపోయింది.

ఆ ఆచారం అంతటిది. తేనెగట్టుకు శుభవార్త తెచ్చినవాణ్ణి ఆ పొద్దు వాలేలోగా ఇంటింటివాళ్ళూ తమ చేత్తో తేనె తినిపించి నోరు తీపి చెయ్యాలి. చెయ్యకపోతే ఆ ఏడు పట్లు ఎండిపోతాయని నమ్మకం. ముప్ఫై రెండు చేతులు ఒకే నోట్లో. చెంగల్వకు ఒళ్ళు జలదరించింది. సూరవ్వ ముఖం చూసింది. జ్వరానికి జడవని ఆ ముసలిది ఆచారం మాట వినగానే గుంజ పట్టుకుని నిలబడింది.

"మూడు తరాలుగా తప్పలేదే..." అంది సూరవ్వ మెల్లగా.

చెంగల్వ బోర్లా పడుకుని, బండ అంచునుంచి తొంగి చూసింది. పాతాళమంత లోతున పసుపు జెండాలు, చీమలంత గుర్రాలు. ఆ చీమల మధ్య ఒక తలపాగా కనిపించింది. మోదుగపువ్వు రంగు. ఆ రంగు ఆమె స్వయంగా కాచి, ముంచి, ఆరబెట్టింది. మెడ దగ్గర మరక పడిందని అతను ఏడిపిస్తే అలిగింది కూడా. కానీ అదేమిటి? ఊరి కింద నిలబడి కూడా ఒక్క ఈల వెయ్యడేం? కొండ మలుపు తిరగగానే కోయిలలా ఈల వేసే మనిషి!

ఆమె లేచి నిలబడింది. "అవ్వా, ఆచారంలో పొద్దు వాలేలోగా తినిపించాలని ఉంది. ఎక్కడ తినిపించాలో ఉందా?"

సూరవ్వ కళ్ళు చిట్లించింది. "లేదు."

"అయితే వాళ్ళు పైకి రానక్కర్లేదు. తేనె కిందికి వెళ్తుంది. ముప్ఫై రెండిళ్ళ తేనె ఒక్క దొప్పలో పొయ్యండి. నేను దిగుతా."

"దిగితే మళ్ళీ పక్షం రోజులు పైకి రావడం ఉండదు" అంది సూరవ్వ. "నది పక్క గుహలో ఒంటరిగా ఉండాలి. తెలిసే అడుగుతున్నావా?"

"తెలిసే అవ్వా."

"మొగుడి కోసమా, ఊరి కోసమా?"

చెంగల్వ సిగ్గుపడింది, కానీ తల దించలేదు. "రెండూ ఒక్క తాడు మీదే దిగుతాయి కదవ్వా."

జనం గొల్లుమన్నారు. సూరవ్వ కూడా నవ్వు ఆపుకోలేక పమిట అడ్డం పెట్టుకుంది.

తేనె కోసేవాళ్ళ సరంజామా అంతా తెచ్చి చెంగల్వకు తొడిగారు. ఒంటికి దట్టమైన గొంగళి, ముఖానికి పలచటి నారగుడ్డ ముసుగు, మోచేతుల దాకా మోదుగాకుల చుట్టు, ఎడమ చేతిలో పచ్చాకుల పొగదివిటీ, నడుముకు వడిసెల. "తేనెటీగ కుట్టకుండా కప్పుకుంటాం చూడు, జ్వరానికీ అలాగే కప్పుకో" అని సూరవ్వ ముసుగు బిగించింది. "మూడు బారల కంటే దగ్గరికి వెళ్ళకు. గాలి నీ వీపు మీంచి వాళ్ళ వైపు వీచేలా నిలబడు. దొప్ప రాతి మీద పెట్టి వెనక్కి వచ్చెయ్."

బొల్లన తాడు నడుముకు చుట్టుకుని కాళ్ళు బండకు తన్నిపెట్టాడు. ఈ ఊళ్ళో పట్టు కొయ్యడానికి దిగే మనిషి తాడు అయినవాళ్ళే పట్టాలి. కొమరన దిగితే బావమరిది బొల్లన, చెంగల్వ దిగినా బొల్లనే. తాడుకు భాష ఉంది. ఒక్క లాగుడంటే ఆగమని, రెండంటే వదలమని, మూడంటే ప్రాణం మీదికొచ్చింది పైకి లాగమని. మూడు లాగితే ఎవరు, ఎందుకు అని అడగకూడదు. అడిగే క్షణంలో ప్రాణం పోతుందని.

"మూడు లాగావంటే ఊరు అడ్డం పడ్డా లాగేస్తా చెల్లే" అన్నాడు బొల్లన. అతని కళ్ళు తడిగా ఉన్నాయి.

బుట్ట గాల్లోకి దిగింది.

చెంగల్వ ఉయ్యాలలో ఊగినట్టు ఊగింది. భయంలోనూ ఆ ఊపు బాగుంది. బండ సందుల్లో అడవిమల్లె పూసి ఉంది, చల్లటి తుంపర ముసుగు మీద ముత్యాల్లా అతుక్కుంది. ఎన్నాళ్ళకెన్నాళ్ళకు నది వాసన! అంతలో సగం దారిలో గాలి తిరిగింది. బుట్ట గిర్రున తిరిగి పెద్దపట్టు వైపు కొట్టుకుపోయింది. పెద్దపట్టంటే ఆ చరియ మొత్తానికి తల్లిపట్టు, రెండు మంచాలంత వెడల్పు. దాని మీద నల్లటి తెరలా కప్పుకున్న వేల ఈగలు ఒక్కసారిగా అలలా కదిలాయి. చెంగల్వ ఊపిరి బిగబట్టి దివిటీ ముందుకు చాచింది. పచ్చాకుల పొగ బుట్టను చుట్టేసింది. అల మెల్లగా సద్దుమణిగింది. బుట్ట గీసుకుంటూ దాటిపోయింది. ఒక్క ఈగ మాత్రం ముసుగు మీద వాలి, కాసేపు నడిచి, విసుగొచ్చినట్టు ఎగిరిపోయింది.

బుట్ట ఒడ్డున ఆగింది.

పన్నెండు మంది బల్లెగాళ్ళు. అందరికీ పసుపు తలపాగాలు. ముందు నిలబడ్డ వార్తాహరుడు పట్టుబట్టలు కట్టి, గంధం పూసుకుని, నవ్వుతున్నాడు. వెనక గుర్రం మీద కొమరన. భుజాల నిండా శాలువ. చిక్కిపోయాడు, గడ్డం పెరిగింది. ఆమెను చూడగానే అతని కళ్ళు పెద్దవయ్యాయి. పెదవులు కదిలాయి, కానీ మాట రాలేదు.

చెంగల్వ గాలి చూసుకుని, వీపు దానికిచ్చి, నడిమధ్య రాతి మీద దొప్ప పెట్టి, మూడు బారలు లెక్కపెట్టుకుంటూ వెనక్కి నడిచింది. "ముప్ఫై రెండిళ్ళ తేనె దొరా. నోరు తీపి చేసుకోండి. ఏమనుకోకండి, ముసుగు తియ్యడానికి లేదు, ఈగలు రేగి ఉన్నాయి."

"అంత దూరం దేనికమ్మాయీ? జ్వరం పోయిందన్నాంగా! ఇవిగో, చూడు మా గోళ్ళు." వార్తాహరుడు రెండు చేతులూ ఎత్తి చూపించాడు. బల్లెగాళ్ళు కూడా ఎత్తారు. నూట ముప్ఫై వేళ్ళు. అన్నీ దానిమ్మగింజల్లా ఎర్రగా ఉన్నాయి.

మరీ ఎర్రగా ఉన్నాయి.

కొత్త పెళ్ళికూతురు కాబట్టి చెంగల్వ చూపు అక్కడే ఆగిపోయింది. ఎర్రగోళ్ళని అంటాం గానీ, బాగున్న మనిషి గోరు ఎప్పుడూ లేత గులాబీ రంగే. ఇది గోరింటాకూ కాదు. గోరింటాకైతే గోటిలోకి ఇంకి నారింజ కాంతి వస్తుంది. ఇది పైపైన పూసిన రంగు. ఇలాంటి ఎరుపు ఎక్కడ చూశాను? గుర్తొచ్చింది. పెళ్ళి పీటల మీద తన పాదాల పారాణి. తడి ఆరకముందే కొమరన తెల్లపంచెకు అంటుకుని, అతను ఆ మరక ఉతకనివ్వకుండా వారం రోజులు దాచుకున్న పారాణి!

వార్తాహరుడు వేళ్ళు దొప్పలో ముంచి నోట్లో పెట్టుకున్నాడు. మళ్ళీ ముంచాడు. ఆశగా, ఆత్రంగా, జుర్రుకుంటూ తిన్నాడు. బంగారు రంగు తేనె అంచుల్లో ఎర్రగా మారింది. అతని చూపుడువేలి నుంచి ఎర్రటి చుక్క రాతి మీద పడింది. ఎండలో గోరు మెరిసింది.

నేరేడుపండు రంగు.

గుర్రం మీద, కట్టేసి ఉన్న కొమరన చేతివేళ్ళు శాలువ అంచునుంచి బయటికి వచ్చాయి. జీను మీద ఒకసారి కొట్టాడు. ఆగి, మళ్ళీ ఒకసారి. మళ్ళీ ఒకసారి. తాడు భాష. ఆగు. ఆగు. ఆగు. అతని గోళ్ళు మాత్రం లేత గులాబీగా, మట్టిపట్టి, అందంగా ఉన్నాయి. అంత భయంలోనూ ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

వార్తాహరుడు ఆమె చూపు ఎక్కడుందో గమనించాడు. తన వేళ్ళు తను చూసుకున్నాడు. నవ్వు ఆగిపోయింది.

"పెళ్ళికూతురివి కదూ! రంగులు బాగా తెలుసు" అన్నాడు. గొంతు మారిపోయింది. "గరళాక్షుడి పేరు విన్నావా?"

వినకపోవడమేమిటి! ఏ మనిషి రూపమైనా క్షణంలో ఎత్తగల మాంత్రికుడు. కోటలోంచి రాజు తరిమేస్తే అడవుల పాలైనవాడు.

"రూపాలు వెయ్యి మార్చగలను. ఈ పాడు గోళ్ళ రంగే నా మంత్రానికి లొంగడం లేదు" అని పళ్ళు కొరికాడు గరళాక్షుడు. "దేశమంతా మాడిపోతుంటే మీ ఊళ్ళో ఒక్కడికీ జ్వరం లేదు. ఎందుకు? మీ శిఖరం మీది తెల్లతేనె వల్ల! అది నాకు కావాలి. అందులో ఒక్క పట్టు చాలు నాకు ప్రాణం, ఇంకో పట్టుకు సింహాసనం."

"అయ్యో, తేనె తింటే గొంతుకు హాయి, అంతే!" అంది చెంగల్వ ఆగలేక. "మమ్మల్ని కాపాడింది తేనె కాదు, నిచ్చెన. నిచ్చెనా, గడప పిలుపూ!"

గరళాక్షుడు వినలేదు. చిటికెడు బూడిద గాల్లోకి విసిరాడు. బూడిద విచ్చుకునేసరికి అక్కడ ఇంకో చెంగల్వ నిలబడి ఉంది! అదే గొంగళి, అదే ముసుగు, అదే వడిసెల. ఆ రెండో చెంగల్వ ఒక్క గంతులో బుట్టలోకి దూకి, తాడు పట్టుకుని ఒకటి, రెండు, మూడు లాగింది.

పైన బొల్లన చేతులు ప్రశ్న వెయ్యలేదు. బుట్ట ఝుమ్మని లేచింది.

"అన్నా! లాగొద్దు!" నది హోరులో ఆ కేక మునిగిపోయింది. మాటరాయి వైపు పరుగెత్తింది. ఆరు బల్లేలు అడ్డం పడ్డాయి. దివిటీ గుండ్రంగా తిప్పింది, పొగకు దగ్గుతూ గుర్రాలు బెదిరాయి గానీ దారి దొరకలేదు. తలెత్తి చూసింది. బుట్ట చరియలో మూడో వంతు దాటింది. పొడుచుకొచ్చిన బండ వల్ల పైవాళ్ళకు బుట్ట కనిపించదు. కనిపించినా వాళ్ళు చూసేది చెంగల్వనే. ప్రాణం మీదికి వచ్చి పైకి వచ్చిన పిల్లని కౌగిలించుకోవడానికి ముందు సూరవ్వే చేతులు చాస్తుంది. నూట నలభై మంది. నలభై ఒక్క రోజుల గంజి, నలభై ఒక్క రోజుల గడప పిలుపు, అన్నీ ఒక్క కౌగిలితో సరి.

ఆమె చెయ్యి వడిసెల మీదికి వెళ్ళింది. మాంత్రికుణ్ణి కొట్టడానికి ఆ దూరం నుంచి గురి చాలదు. కానీ బుట్ట ఇప్పుడు పెద్దపట్టు పక్కనుంచి పోతోంది.

పట్టు మీద రాయి వెయ్యడమంటే తేనెగట్టులో కన్నతల్లి మీద చెయ్యెత్తడమే. పుట్టి బుద్ధెరిగాక ఎవరూ చెయ్యని పని. "తప్పయిందమ్మా, తప్పయిందమ్మా" అని గొణుగుతూనే వడిసెల తిప్పింది. రాయి రివ్వున వెళ్ళి పెద్దపట్టు అంచున తగిలింది.

నల్లటి తెర చిరిగింది. కొండంతా ఒక్క గొంతుతో గుర్రుమన్నట్టు వినిపించింది. వేలకు వేల ఈగలు బుట్ట మీద పడ్డాయి.

రూపం మనుషుల కళ్ళకే, తేనెటీగలకు కాదు. గరళాక్షుడు ఎత్తిన గొంగళి కంటికి కనిపించే గొంగళి, ముసుగు కంటికి కనిపించే ముసుగు. అడుగున ఉన్నది పట్టుబట్ట, తేనె పూసుకున్న వేళ్ళు, చేతిలో పొగదివిటీ కూడా లేదు. బుట్టలో చెంగల్వ రూపం చిందులు తొక్కింది, సగం ఆడగొంతుతో సగం మగగొంతుతో కేకలు పెట్టింది. ముఖం మారి గరళాక్షుడైంది, మళ్ళీ ముసలివాడైంది, మళ్ళీ ఎవరో అయింది. ఆ గందరగోళంలో బుట్ట ఒరిగింది. రంగురంగుల మూటలా ఆ ఆకారం గాల్లో పల్టీలు కొట్టి, శంఖిని నడిప్రవాహంలో ధభేలున పడింది. ఒక పసుపు తలపాగా తేలింది. దాని వెంట మేఘంలా ఈగలు. మనిషి మాత్రం తేలలేదు.

ఈగల మోత కిందికి దిగేసరికి బల్లెగాళ్ళు ఇంకేమీ ఆలోచించలేదు. దొరికిన గుర్రమెక్కి మలుపు తిరిగి మాయమయ్యారు.

కొమరన గుర్రం మీంచి దొర్లి పడి, నీటి ఒడ్డున చేతుల కట్లు నానబెట్టుకుంటూ కూర్చున్నాడు. మంత్రం వేసిన గరళాక్షుడి నాలిక ఈగకాట్లకు ఎక్కడో నీళ్ళలో వాచిపోయింది కాబోలు, కొమరన నోటికి పడ్డ మంత్రపు కట్టు విడిపోయింది. చెంగల్వ రెండు చేతులూ చాచి పరుగెత్తింది. నలభై నాలుగు రోజుల తరవాత మొగుడి నోట ఆమె విన్న మొదటి మాట ఇది:

"దగ్గరికి రాకు!"

ఆమె కాలు ఎక్కడిదక్కడ ఆగింది. మూడు బారలు. చేతులు చాచే ఉన్నాయి.

"వాళ్ళకు చిక్కి తొమ్మిది రోజులు వాళ్ళ మధ్యే ఉన్నానే పిల్లా. మన ఆచారం, తాడు భాష అన్నీ నా నోటనే కక్కించారు. అందరికీ నీలిగోళ్ళే, పారాణి గిన్నె ఒకళ్ళ తరవాత ఒకళ్ళకి తిప్పుకున్నారు. నాకింకా రాలేదు, రాదని ఎవడు చెప్పాడు?" అంటూనే చేతుల కట్లు రాతికి రాసి తెంపుకున్నాడు. తల ఎత్తి ఆమెను చూసి, కోపం తెచ్చుకోబోయి తెచ్చుకోలేకపోయాడు. "ఆగమని మూడుసార్లు కొట్టా కదే! ఎప్పుడైనా నా మాట విన్నావా?"

"ఆగా కదా మావా, ఇదిగో ఇప్పుడు" అంది చెంగల్వ. నవ్వుతోందో ఏడుస్తోందో ముసుగులోంచి తెలియలేదు. "నీ తలపాగా మెడ దగ్గర మరక ఇంకా పోలేదు."

అప్పుడు గుర్తొచ్చింది. బుట్ట! ఒక్క అంగలో మాటరాయి ఎక్కింది. "అన్నా! బుట్ట ముట్టుకోకు!"

మెడ వెనక్కి వంచి బండ అంచునే చూసింది.

"చెల్లే... నువ్వు కిందా?" అన్నాడు పైనుంచి బొల్లన. "బుట్ట ఖాళీగా వచ్చిందేం? చెయ్యి పెట్టబోతుంటే అవ్వ చేతికర్రతో నా మణికట్టు మీద ఒక్కటిచ్చింది. కిందినుంచి వచ్చింది ఏదైనా మూడు రోజులు ఎండలో పెట్టాలి కదరా అని!"

"ఎండలో కాదు, మంటలో వెయ్యండి! బుట్టనీ, కొస తాడు నాలుగు బారలనీ!"

జరిగిందంతా కింది నుంచి పైకి, మాట మాట చెప్పింది. చివరికి బొల్లనే మాట్లాడాడు. "అడక్కుండా లాగింది నేను. ఈ పక్షం నేను కంచెపాకలో ఒంటరిగా ఉంటా. ఇకమీదట మూడు లాగినా పేరు అడుగుతా, జవాబు వస్తేనే లాగుతా." ఆ మాటకు సూరవ్వ సరేనంది. పట్టు మీద రాయి వేసిన సంగతికి మాత్రం తప్పు కట్టింది. "పక్షం గడిచి పైకి వచ్చాక పెద్దపట్టుకు పాలు పోసి చెంపలేసుకో. నేనూ పక్కన నిలబడి వేసుకుంటా" అంది.

పొద్దు వాలుతోంది. పైనుంచి గడప పిలుపు మొదలైంది. తూర్పు కొసనుంచి ఒక్కో ఇల్లూ. "మేం నలుగురం, నలుగురికీ ఎర్రగోళ్ళే!" "మేం ఏడుగురం!" మల్లుడి గొంతు, "మేం ముగ్గురం, చింతాకు నమిలే నోళ్ళు మూడూ క్షేమం!" ముప్ఫై ఒక్క ఇళ్ళు అయ్యాయి. ముప్ఫై రెండో పిలుపు కోసం పైన ఆగారు. చెంగల్వ ఒక గుహ ముందు, కొమరన ఎదుటి గుహ ముందు, మధ్య మూడు బారల ఇసుక. ఇద్దరూ చేతులు పైకెత్తారు.

"మేం ఇద్దరం!" అని కేకేసింది చెంగల్వ. ఈసారి మాట తడబడలేదు. "ఇద్దరికీ ఎర్రగోళ్ళే!"

పైన ఊరంతా ఈలలు వేసింది. కొమరన మాత్రం నవ్వలేదు. బల్లెగాళ్ళు పోయిన మలుపు వైపు చూస్తున్నాడు.

"పిల్లా, వాళ్ళు పారిపోలేదు. అనుకున్న దారినే పోయారు. ఇక్కడి తరవాత నెమలికోన అని రాత్రంతా వాళ్ళ మాటలు విన్నా. తేనె దొరక్కపోతే అక్కడి మనుషుల్ని పట్టుకొచ్చి, వాళ్ళని చూపించి మన నిచ్చెన దింపించాలని ఎత్తు. అదే పసుపు జెండా, అదే శుభవార్త."

నెమలికోన తేనెగట్టువాళ్ళ చుట్టాల ఊరే. అక్కడ చరియా లేదు, నిచ్చెనా లేదు. ఉన్నదల్లా ముళ్ళకంచె, అరవై గడపలు. శుభవార్త తెచ్చినవాడికి ఇంటింటి తేనె పెట్టే ఆచారం మాత్రం ఇక్కడున్నట్టే ఉంది.

"గుర్రాల దారి కొండ చుట్టూ తిరగాలి. రెండు రోజులు" అంది వేళ్ళు మడిచి. "కాలిదారిన కనుమ దాటితే?"

"రేపు మధ్యాహ్నానికి చేరొచ్చు. కానీ మనం ఊళ్ళోకి పోకూడదు కదే."

"పోం."

ఆమె మళ్ళీ మాటరాయి ఎక్కింది. కొమ్మల్లో మిగిలిన ఎండ ఆమె గోటి కొసల నెలవంకల మీద పడి ఎర్రగా వెలిగింది.

"అవ్వా! రేపు తెల్లారి గడప పిలుపు కాగానే మేం నెమలికోనకు బయల్దేరుతున్నాం. మావ ముందు, నేను మూడు బారల వెనక. కంచె దాటం. ఎదురుగుట్ట ఎక్కి కేకేస్తాం, శుభవార్త తెచ్చినవాడి నోట్లో తేనె పెట్టేముందు వాడి చేతులు నీళ్ళలో ముంచి చూడమని!"